రెండు దిక్కులా యుద్ధం వస్తే సైన్యాన్ని చెరి సగం పంచితే సరిపోదా?

జడ్చర్లలో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. "టూ ఫ్రంట్ వార్ అని టీవీలో ఒకటే గోల. మనకు పన్నెండు లక్షల సైన్యం ఉంది. సగం పాకిస్తాన్ వైపు, సగం చైనా వైపు పెడితే అయిపోయింది కదా? హిట్లర్ రెండు వైపులా యుద్ధం పెట్టుకుని ఓడిపోయాడని పుస్తకంలో ఉంది కానీ, ఎందుకు ఓడాడో సరిగ్గా రాయలేదు. అంత భయం దేనికి?"

తమ్ముడూ, నేను ఆర్మీ సర్వీస్ కోర్‌లో ఇరవై నాలుగేళ్లు చేసి సుబేదార్‌గా రిటైర్ అయ్యాను. మాది దేవరకొండ పక్కన పల్లె. సర్వీసులో నా చేతిలో తుపాకీ కంటే లోడ్ లిస్టు ఎక్కువ ఉండేది. కాబట్టి నేను చెప్పేది లారీ క్యాబిన్‌లోంచి కనిపించే యుద్ధం. మ్యాపుల మీద ఎర్ర బాణాలు, నీలి బాణాలు గీస్తారు చూడు, ఆ బాణం కదలాలంటే దాని కింద ఎన్ని బండ్లు కదలాలో లెక్క వేసే పని మాది.

ముందు నీ చెరి సగం లెక్క చూద్దాం. సైన్యమంతా సరిహద్దు మీద వరుసగా నిలబడి ఉండదు. కొంత భాగం ఉన్నచోటు కదలకుండా కాపలా కాస్తుంది. కొంత భాగం వెనక ఆగి, ఎక్కడ గండి పడితే అక్కడికి పోవడానికో, ఎక్కడ సందు దొరికితే అక్కడ దెబ్బ కొట్టడానికో కాచుకుని ఉంటుంది. దాన్నే రిజర్వు అంటాం. యుద్ధం నడిపేది ఈ రెండోదే. కాపలా వాళ్లను రెండు వైపులా పంచొచ్చు, ఇప్పుడూ పంచే ఉన్నారు. రిజర్వును పంచితే మాత్రం అది రిజర్వుగా మిగలదు, ఇంకాస్త పలచటి కాపలాగా మారుతుంది. పంచకుండా ఒక్కటిగా ఉంచుకుంటే, ఎటు పంపాలన్నది మన చేతిలో ఉండదు. ముందు ఎవడు కొడతాడో, కొట్టినవాడు నిజంగా కొడుతున్నాడో ఊరికే గోల చేస్తున్నాడో తేలేదాకా ఆగాలి. తేలేసరికి ఆలస్యమై ఉంటుంది.

మన నల్లగొండ, పాలమూరు రైతుకు ఇది చెప్పనక్కర్లేదు. ఒకటే బోరు, రెండు చోట్ల మళ్లు. తూర్పు మడి ఎండుతోందని నీళ్లు అటు మళ్లిస్తావు. సగం దూరం పోయేసరికి పడమటి మడి నెర్రెలు బారిందని ఫోన్ వస్తుంది. మళ్లీ గట్టు తెగ్గొట్టి ఇటు తిప్పుతావు. పొద్దుగూకేసరికి చూస్తే మోటారు దినమంతా నడిచింది, రెండు మళ్లూ తడవలేదు. నీళ్లన్నీ కాలువలోనే ఇంకిపోయాయి. రెండు వైపుల యుద్ధంలో నాకు అన్నిటికన్నా భయం వేసేది ఈ కాలువలో ఇంకిపోయే నీళ్లే. బలగం మన దగ్గరే ఉంటుంది, లెక్కలో కనిపిస్తుంది, కానీ దారిలో ఉంటుంది.

1914లో జర్మనీకి అచ్చంగా ఇదే జరిగింది. ఒకవైపు ఫ్రాన్స్, ఇంకోవైపు రష్యా. వాళ్ల జనరల్ స్టాఫ్ ఏళ్ల తరబడి కూర్చుని వేసుకున్న లెక్క ఏమిటంటే, రష్యా పెద్ద దేశం, రైళ్లు తక్కువ, సైన్యం పోగవడానికి వారాలు పడుతుంది, ఆలోగా ఆరు వారాల్లో ఫ్రాన్స్ పని ముగించి, రైలెక్కి తూర్పుకు తిరగొచ్చు అని. అందుకే ఎనిమిది ఆర్మీల్లో ఏడింటిని పడమటికి పంపి, తూర్పున ఒక్కదాన్ని ఉంచారు. తీరా చూస్తే రష్యా అనుకున్నదానికన్నా ముందే, ఆగస్టు మధ్యలోనే, తూర్పు ప్రష్యాలోకి వచ్చేసింది. బెర్లిన్‌లో కంగారు. పడమట ఫ్రాన్స్ మీదికి పోతున్న బలగంలోంచి రెండు కోర్లను, అంటే వేల మంది ఉండే పెద్ద దళాలను, తీసి తూర్పుకు రైలెక్కించారు. అవి చేరేలోపే తూర్పున ఉన్న ఆ ఒక్క ఆర్మీ తానే టానెన్‌బర్గ్ దగ్గర ఆగస్టు నెలాఖరులో రష్యన్లను చుట్టుముట్టి గెలిచింది. వారం తిరగ్గానే పడమట మార్న్ నది దగ్గర జర్మన్ వరుసలో సందు పడింది. అక్కడ ఉండి ఉంటే పూడ్చడానికి పనికొచ్చే ఆ రెండు కోర్లు టానెన్‌బర్గ్‌కూ అందలేదు, మార్న్‌కూ లేవు. అసలు అవసరమైన రోజులు కాలువలో పోయాయి.

ఆ కథలోనే ఇంకో ముక్క ఉంది, దాన్ని జనం పట్టించుకోరు. టానెన్‌బర్గ్‌లో ఆ ఒక్క ఆర్మీ ఎలా గెలిచింది? రష్యావి రెండు ఆర్మీలు, రెండు దిక్కుల నుంచి వస్తున్నాయి. అది కూడా చిన్న సైజు టూ ఫ్రంట్ యుద్ధమే. జర్మన్లకు ఆ ప్రాంతంలో అల్లుకున్న రైలు మార్గాలు ఉన్నాయి. ఒక రష్యన్ ఆర్మీ ఎదురుగా గుర్రపు దళాన్ని తెరలాగా ఉంచి, మిగతా బలాన్ని రైళ్లలో దించి రెండో దాని పక్కటెముకల్లో పొడిచారు. మధ్యలో ఉన్నవాడికి దారులు పొట్టివి. ఆ దారుల్లో వేగం ఉంటే రెండు వైపుల శత్రువు ఉండటం కొన్నిసార్లు లాభం కూడా. ఇజ్రాయెల్ 1973 అక్టోబర్‌లో బతికి బయటపడింది ఇలాగే. సిరియా వైపు గోలన్ గుట్టలు దాటితే వెంటనే ఊళ్లు. ఈజిప్టు వైపు సినాయ్ ఎడారి, వెనక్కి తగ్గడానికి చోటు ఉంది. అందుకని ముందు ప్రాధాన్యం గోలన్‌కు ఇచ్చి, నాలుగైదు రోజుల్లో సిరియాను వెనక్కి తోసి, తర్వాత దక్షిణానికి తిరిగి 15వ తేదీ రాత్రి సూయెజ్ కాలువ దాటడం మొదలుపెట్టారు. కానీ అది ఎంత దేశం? పొద్దున బయలుదేరిన ట్యాంకు ట్రాలీ సాయంత్రానికి ఇంకో సరిహద్దు చేరే దేశం. మనది అలా కాదు.

మన సంగతి నా కళ్లతో చూసింది చెప్తాను. 1999 జూన్, కార్గిల్ యుద్ధం నడుస్తోంది. మా కాన్వాయ్ సోన్‌మర్గ్‌లో ఆగి ఉంది. ముందు జోజిలా కనుమ. బండ్ల నిండా లేహ్‌కు పోవాల్సిన సరుకు. పిండి బస్తాలు, పప్పు, కిరోసిన్ బారెళ్లు. లడఖ్‌కు మంచు కురిసే ముందే ఆరేడు నెలల తిండి, చమురు చేర్చాలి. వింటర్ స్టాకింగ్ అంటారు. అప్పట్లో ఒకసారి జోజిలా మూతపడిందంటే మళ్లీ ఎండాకాలం దాకా ఆ దారి ఉండేది కాదు. లేహ్‌లో, దాని అవతల చైనా సరిహద్దు పోస్టుల్లో ఉన్నవాళ్లు తినేది ఈ బండ్లలో ఉన్నదే. అప్పుడు ఆర్డర్ వచ్చింది: లోడ్ దించండి, గుండ్లు ఎత్తండి, ద్రాస్ పోవాలి. బోఫోర్స్ ఫిరంగికి గుండ్లు కావాలి. ఒక్కో గుండు నలభై కిలోల పైనే.

గోదాము లేదు, చుట్టూ గడ్డి నేల. రోడ్డు పక్కనే బస్తాలు దించాం. పైన తార్పాలిన్లు కప్పాం. అవి చాలలేదు. ఆ రాత్రి గుండ్లు వేసుకుని, హెడ్‌లైట్లు ఆర్పేసి, ముందు బండి వెనక మినుక్కుమనే చిన్న దీపం చూసుకుంటూ ద్రాస్ పోయాం. తోలోలింగ్ కొండ పైన ఉన్న పాకిస్తాన్ వాడికి ఆ రోడ్డంతా కనిపించేది. మా బండ్లకేం కాలేదు. తిరిగి వచ్చేసరికి సోన్‌మర్గ్‌లో రెండు రోజులు వాన పట్టింది. తార్పాలిన్ అంచున ఉన్న పిండి బస్తాలు తడిసి, ఎండి, సిమెంటు బస్తాల్లా గట్టిపడ్డాయి. ఒక హరియాణా డ్రైవర్ వాటిలో ఒకదాన్ని బూటుతో తన్ని, "ఇక దీన్ని ఫిరంగిలో పెట్టి పేల్చాలి" అన్నాడు. నవ్వాం కానీ, ఆ బస్తాలు లడఖ్‌లో ఎవడి పళ్లెంలోంచో తీసినవే కదా.

గమనించావా, అప్పుడు యుద్ధం ఒక్క పాకిస్తాన్‌తోనే. అదీ నూట యాభై కిలోమీటర్ల ముక్క మీద. చైనా ఒక్క గుండు పేల్చలేదు. అయినా చైనా వైపు పోవాల్సిన తిండి రోడ్డు పక్కన తడిసింది, ఎందుకంటే రోడ్డు ఒకటే, బండి ఒకటే, డ్రైవర్ ఒకడే. అదే ఏడాది మన దళాలు కార్గిల్ వైపు జరగడంతో పాంగాంగ్ సరస్సు ఒడ్డున ఖాళీ అయిన చోట చైనా వాళ్లు నెమ్మదిగా రోడ్డు వేసుకున్నారు. ఇరవై ఏళ్ల తర్వాత 2020లో గొడవ జరిగిన చోట్లలో అదీ ఒకటి.

ఇంకో లెక్క చెప్తాను, ఇది టీవీ చర్చల్లో ఎవరూ చెప్పరు. పంజాబ్ మైదానంలో ఉన్న దళాన్ని అర్జెంటుగా లడఖ్ పంపాలనుకో. విమానంలో రెండు గంటల్లో దించొచ్చు. దించిన వెంటనే వాడితో బరువు మోయిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి చచ్చిపోయే ప్రమాదం ఉంది. అందుకే తొమ్మిది వేల నుంచి పన్నెండు వేల అడుగుల దాకా ఆరు రోజులు, పదిహేను వేల దాకా ఇంకో నాలుగు, ఆపైన మరో నాలుగు, మొత్తం పద్నాలుగు రోజులు ఒళ్లు అలవాటు పడాలి. గుడారంలో కూర్చోబెట్టి, మెల్లగా నడిపించి, పైకి పంపుతారు. అంటే మన కాలువ పొడవు కిలోమీటర్లలో కాదు, రోజుల్లో కొలవాలి. పాకిస్తాన్ వైపు నుంచి చైనా వైపు తిప్పిన రిజర్వు రెండు వారాల పాటు ఏ మడినీ తడపదు. 2020లో గల్వాన్ తర్వాత మధుర కేంద్రంగా ఉన్న దాడి కోర్‌ను, అంతకుముందు పాకిస్తాన్ కోసం తయారుచేసినదాన్ని, ముందే ఉత్తర సరిహద్దు పనికి మార్చడానికి కారణాల్లో ఇదొకటని నా నమ్మకం. యుద్ధం వచ్చాక మార్చే వీల్లేని కొండలవి.

మందుగుండు సంగతి త్వరగా చెప్పేస్తాను. కార్గిల్ ఒక్కదాంట్లోనే రెండున్నర లక్షల దాకా గుండ్లు, బాంబులు, రాకెట్లు పేల్చామని లెక్క. 2017 నాటి కాగ్ నివేదిక ప్రకారం అప్పట్లో 152 రకాల మందుగుండులో 61 రకాలకు గట్టి యుద్ధం వస్తే పది రోజులకు సరిపడా నిల్వ కూడా లేదు. తర్వాత కొనుగోళ్లు పెరిగాయి, పరిస్థితి మారింది. కానీ సైన్యాన్ని పంచినట్టు గుండును పంచలేవు. ఈ వైపు పేలింది ఆ వైపు ఉండదు. విమానాలూ అంతే. వాయుసేనకు మంజూరైనవి 42 స్క్వాడ్రన్లు, ఉన్నవి ముప్పై చుట్టుపక్కల. ఆ 42 అంకె ఊరికే పుట్టింది కాదు, రెండు వైపులా ఒకేసారి చూసుకోవాలన్న లెక్కలోంచే వచ్చింది.

ఇక హిట్లర్. ఆయన రెండు వైపులా యుద్ధం "పెట్టుకుని" ఓడాడని పుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. 1941 జూన్ 22న రష్యా మీదికి పోయేనాటికి పడమట నేల మీద అసలు యుద్ధం లేదు. బ్రిటన్ లొంగలేదు, అంతే. లొంగని బ్రిటన్ మొదట్లో పెద్దగా ఏమీ చేయలేకపోయింది. కానీ అది బతికి ఉండటం వల్లే తర్వాత అమెరికా సైన్యం దిగడానికి చోటు దొరికింది, బాంబర్లు ఎగరడానికి రన్‌వేలు దొరికాయి. జర్మన్ నగరాల మీద బాంబులు పడేకొద్దీ తూర్పున రష్యన్ల మీద ఎగరాల్సిన ఫైటర్లు, ట్యాంకుల మీద పేలాల్సిన 88 ఎంఎం ఫిరంగులు ఇంటికి వచ్చి ఆకాశం వైపు చూడాల్సి వచ్చింది. ఒక తలుపును మూయకుండా ఓరగా వదిలి, ఇంకో తలుపు బద్దలు కొట్టడానికి పోయాడు. నా దృష్టిలో అసలు తప్పు అది.

1944లో ఆ తప్పు ఎలా కనిపించిందో చూడు. తూర్పున ఉక్రెయిన్‌లో ఒక జర్మన్ ఆర్మీ చుట్టుముట్టులో ఇరుక్కుంటే, ఫ్రాన్స్‌లో కాచుకుని ఉన్న 9, 10వ ఎస్ఎస్ పాంజర్ (ట్యాంకుల) డివిజన్లను ఏప్రిల్‌లో అటు పంపారు. జూన్ 6న మిత్రరాజ్యాలు ఫ్రాన్స్ తీరంలోని నార్మండీలో దిగినప్పుడు అవి తూర్పున ఉన్నాయి. మళ్లీ రైలెక్కించారు. దారిపొడవునా పట్టాలు బాంబులతో తెగిపోయి ఉన్నాయి. జూన్ నెలాఖరుకు గానీ నార్మండీలో పోరుకు దిగలేదు. అవి పడమటికి వచ్చే దారిలో ఉండగానే తూర్పున రష్యన్లు తమ అతి పెద్ద దాడి మొదలుపెట్టారు, జర్మన్ల సెంటర్ ఆర్మీ గ్రూపు కూలిపోయింది. 1914లో జరిగిన తప్పే ముప్పై ఏళ్లకు మళ్లీ జరిగింది, అదే దేశానికి.

మరి దీన్నుంచి తప్పించుకున్నవాళ్లు ఏం చేశారు? రెండు వైపులా వీరోచితంగా పోరాడి గెలిచినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎక్కువమంది చేసింది ఒకటే. ఒక తలుపు మూసేశారు. మూయడానికి ఏదో ఒకటి వదులుకున్నారు కూడా.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ మీ గడప పక్కనే ఉంది. గద్వాల, ఆలంపూర్ ఉన్న నడిగడ్డ. కృష్ణా తుంగభద్రల మధ్య రాయచూరు అంతర్వేదికి తూర్పు కొస అది. ఆ అంతర్వేది కోసం విజయనగరం, బహమనీలు, తర్వాత బీజాపూర్ తరతరాలుగా కొట్టుకున్నారు. కృష్ణదేవరాయలు 1509లో గద్దె ఎక్కేనాటికి ఉత్తరాన సుల్తానులు, తూర్పున ఉదయగిరి దాకా వచ్చి కూర్చున్న ఒడిశా గజపతులు. ఆయన 1513లో తూర్పుకు తిరిగాడు. ఒక్క ఉదయగిరి ముట్టడికే ఏడాది పైన పట్టింది. 1515లో కొండవీడు, ఆ తర్వాత సింహాచలం దాకా. ఈలోగా పడమట ఏమైంది? ఆయన అక్కడ తలమునకలై ఉండగా రాయచూరు బీజాపూర్ చేతికి పోయింది. రెండు మళ్లు, ఒకటే నీళ్లు.

తర్వాత ఆయన చేసినదాన్ని మన సినిమా కళ్లతో చూస్తే అర్థం కాదు. గెలుస్తున్నవాడు ఆగిపోయాడు. ప్రతాపరుద్ర గజపతితో సంధి చేసుకుని, కృష్ణకు ఉత్తరాన గెలిచిన భూములన్నీ తిరిగి ఇచ్చేశాడు. గజపతి కూతురిని పెళ్లాడాడు. నెత్తురు ధారపోసి గెలిచిన నేల తిరిగి ఇవ్వడమంటే ఆయన సేనానులకు ఎంత మండి ఉంటుందో ఊహించుకో. కానీ దాంతో తూర్పు తలుపు గట్టిగా మూసుకుంది. 1520 మేలో రాయచూరు దగ్గర బీజాపూర్ సుల్తాన్ ఇస్మాయిల్ ఆదిల్ ఖాన్ మీదికి పోయినప్పుడు వెనక్కి తిరిగి చూసుకోవాల్సిన పని లేదు, ఉన్న బలమంతా ఒకే చోట పెట్టాడు. రాయచూరు తిరిగి వచ్చింది.

ఆ ధర కట్టడం రాకపోతే ఏమవుతుందో 1918లో జర్మనీ చూపించింది. మార్చి 3న రష్యాతో బ్రెస్ట్ లిటోవ్‌స్క్ సంధి చేసుకుంది, తూర్పు యుద్ధం ముగిసింది. కానీ అత్యాశకు పోయి ఉక్రెయిన్, బాల్టిక్ ప్రాంతాలన్నీ మింగింది. మింగినదాన్ని కాపలా కాయడానికి దాదాపు పది లక్షల మందిని తూర్పునే ఉంచాల్సి వచ్చింది. పడమట చివరి దాడికి ఆ మనుషులు లేరు. తలుపు మూశారు, తలుపుకు ఆనుకుని పది లక్షల మందిని నిలబెట్టారు.

మనవాళ్లు 1971లో మూసిన తీరు నాకు బాగా నచ్చుతుంది. 1965 యుద్ధం మధ్యలో చైనా సిక్కిం సరిహద్దు పేరు చెప్పి అల్టిమేటం ఇచ్చింది. దాడి చేయలేదు. కానీ బెదిరింపు ఉన్నంతకాలం అక్కడి డివిజన్లను కదిలించలేం. శత్రువుకు ఒక్క బుల్లెట్ ఖర్చు లేదు, మనకు డివిజన్లు కట్టేసినట్టే. అది గుర్తుంది కాబట్టి 1971లో ఏప్రిల్‌లోనే తూర్పు పాకిస్తాన్ మీదికి పోదామన్న మాట వచ్చినా ఆర్మీ చీఫ్ మానెక్‌షా ఆగాలన్నాడు. వానాకాలం పోవాలి, హిమాలయ కనుమలు మంచుతో మూతపడాలి. ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. డిసెంబర్ 3న యుద్ధం మొదలయ్యేసరికి ఒక తలుపుకు మంచు ఒక గడియ, మాస్కో ఇంకో గడియ. ఉత్తరాన చైనా కోసం ఉంచిన మౌంటెన్ డివిజన్లలో కొన్నింటిని ధైర్యంగా తూర్పు యుద్ధానికి దించగలిగారు. పదమూడు రోజులు, 93 వేల మంది ఖైదీలు.

అదే యుద్ధంలో పాకిస్తాన్ వైపు నుంచి చూడు. రెండు ముక్కల దేశం, మధ్యలో పదహారు వందల కిలోమీటర్ల మన నేల. తూర్పును పడమటి నుంచే కాపాడతామన్నది వాళ్ల సిద్ధాంతం. అంటే తూర్పున కొడితే పడమట మన నేల పట్టుకుని బేరం ఆడతామని. ఢాకాలో ఒకే ఒక్క సేబర్ జెట్ల స్క్వాడ్రన్. రన్‌వే మీద బాంబులు పడ్డాక మూడు నాలుగు రోజుల్లో అదీ ఎగరలేదు. వాళ్లకు కాలువే లేదు, నీళ్లు మళ్లించే మాటెక్కడిది?

ఇప్పుడు మన జిల్లా సంగతి. జనరల్ బిపిన్ రావత్ 2017లో రెండున్నర ఫ్రంట్ల యుద్ధం అన్నారు, ఆ అర అంటే దేశం లోపలి తిరుగుబాట్లు. ఆ మాట విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది నల్లగొండే. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం నిజాం హైదరాబాద్ సంస్థానం మీదికి పడమట షోలాపూర్ నుంచి, తూర్పున విజయవాడ నుంచి ఒకేసారి బయలుదేరింది. కర్నూలు, ఔరంగాబాద్ వైపుల నుంచి చిన్న దళాలు. నిజాం సైన్యాధిపతి ఎల్ ఇద్రూస్ చేతిలో ఉన్న పద్ధతైన సైన్యం ఇరవై వేల పైచిలుకు. మధ్యలో ఉన్నవాడికి దారులు పొట్టివన్నాను కదా, కాగితం మీద నిజాంకూ అంతే. కానీ వాడుకోవడానికి బండ్లు లేవు, విమానాలు లేవు. పైగా ఆ మూడో దిక్కు, లోపలిది, రెండేళ్ల ముందే తెరుచుకుని ఉంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినప్పటి నుంచి నల్లగొండ పల్లెలు భగ్గుమంటున్నాయి. నిజాం పోలీసు, సైన్యం, రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నారు. ఊళ్ల మీద పడ్డవాడు సరిహద్దు మీద ఉండడు కదా.

తూర్పు దళం కోదాడ, మునగాల, సూర్యాపేట మీదుగా వచ్చింది. వెనక్కి తగ్గుతూ నిజాం బలగాలు సూర్యాపేట దగ్గర మూసీ మీది వంతెన పేల్చాయి. ఇక్కడే నాలాంటివాడికి కన్ను పడుతుంది. వంతెన పేల్చారు కానీ, దాన్ని బాగుచేసేవాళ్ల మీద కాల్పులు జరపడానికి ఎవర్నీ ఉంచలేదు. మన ఇంజినీర్లు వచ్చి చకచకా సరిచేసుకున్నారు. పేల్చిన వంతెనకు తుపాకీ కాపలా లేకపోతే అది అడ్డంకి కాదు, మరమ్మతు పని. ఎందుకు ఉంచలేదు? నా ఉద్దేశంలో మనుషులు లేక కాదు, అప్పటికే ఏ దిక్కును పట్టుకోవాలో తేల్చుకోలేక. 17వ తేదీకి అంతా అయిపోయింది. నార్కట్‌పల్లి దగ్గర పశువులు కాస్తున్న మా తాత ఆ బండ్ల వరుస చూశాడట. ట్యాంకు గురించి ఎప్పుడూ చెప్పలేదు ఆయన. "ఒకదాని ఎనక ఒకటి లారీలు, పొద్దంతా లారీలే" అనేవాడు.

ఇప్పటి పరిస్థితికి వస్తే, రెండో ఫ్రంట్ అంటే రెండో సైన్యం దాడి చేయడమే అనుకోకు. 2025 మే గొడవ తర్వాత మన ఆర్మీ డిప్యూటీ చీఫ్ ఒకరు బహిరంగంగానే చెప్పారు, పాకిస్తాన్‌కు చైనా నుంచి మన కదలికల సమాచారం ఎప్పటికప్పుడు అందిందని. పాకిస్తాన్ కొంటున్న ఆయుధాల్లో ఐదింట నాలుగు వంతులు చైనావే. చైనా ఒక్క సైనికుణ్ణి కదపకుండా ఇంత చేయగలిగినప్పుడు లడఖ్‌లో పూర్తి యుద్ధానికి ఎందుకు దిగుతుంది? నన్నడిగితే టీవీలో చూపించే ఆ రెండు బాణాలు ఒకేసారి దూసుకొచ్చే యుద్ధం కన్నా, ఒకవైపు నిజం యుద్ధం, ఇంకోవైపు నెలల తరబడి బెదిరింపు ఎక్కువగా జరిగే రకం. 1965లో జరిగింది అదే. బెదిరింపును తేలిగ్గా తీసుకోవద్దు, సోన్‌మర్గ్‌లో నా పిండి బస్తాలను తడిపింది ఒక్క వైపు యుద్ధమే.

మన చేతిలో ఉన్నవి రెండే. ఒకటి తలుపు. 2021 ఫిబ్రవరిలో పాకిస్తాన్‌తో ఎల్ఓసీ కాల్పుల విరమణను మళ్లీ ఒప్పుకున్నప్పుడు చాలామంది తిట్టారు. అప్పుడు లడఖ్‌లో పరిస్థితి ఏమిటో చూసుకుంటే అది తలుపు దగ్గరకు వేయడమే. రెండోది కాలువ. 2020లో తెరిచిన తొమ్మిది కిలోమీటర్ల అటల్ టన్నెల్, జోజిలా కింద తవ్వుతున్న టన్నెల్, సిలిగురి దగ్గర ఈశాన్య రాష్ట్రాలను మిగతా దేశంతో కలిపే ఇరవై రెండు కిలోమీటర్ల ఇరుకు మెడ చుట్టూ వేస్తున్న రోడ్లు, రైళ్లు. ఇవి పరేడ్‌లో కనిపించవు. నాకు మాత్రం కొత్త ఫైటర్ జెట్ వార్త కన్నా జోజిలా టన్నెల్ వార్త చదివితేనే ఎక్కువ హాయిగా ఉంటుంది. పాత డ్రైవర్ బుద్ధి అనుకో.

పరీక్షలో ఈ ప్రశ్న వస్తే బలాబలాల పట్టిక ఒకటి వేసి వదిలేయకు, దాన్ని అందరూ వేస్తారు. రిజర్వు ఒక్కటే అన్న సంగతి రాయి, పద్నాలుగు రోజుల ఎత్తు లెక్క రాయి, 1971లో తలుపు ఎలా మూశారో రాయి. సిలిగురి మీద ఇంకా వివరం కావాలంటే విడిగా అడుగు. ఇవాళ మా చేనుకు కోత మిషన్ వస్తానన్నాడు, వాడు పక్క ఊరు పోకముందే పట్టుకోవాలి.